నాలుగు చక్రాల క్వార్టరు

ఉక్కు ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి పనిచేసినవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. దేన్ని చూసినా ఇది చాలదు, ఇంకాస్త మందం వెయ్యాలి అనిపిస్తుంది. మా క్వార్టర్లో చెప్పుల స్టాండు కూడా ఇనప యాంగిల్‌తో చేసిందే. దాన్ని జరపాలంటే ఇద్దరు మనుషులు పట్టాలి. దాని మీద ఉండేవి మాత్రం రెండు జతల హవాయి చెప్పులు. ఈ జబ్బుతోనే నేను దేశం తిరగడానికి బండి కట్టాను.

దేశం తిరగాలన్న కోరిక నిజానికి నా భార్యది. పెళ్లయిన దగ్గర్నుంచి ఆవిడ ఏ ఊరి పేరెత్తినా సరిగ్గా అప్పుడే నాకు షట్‌డౌన్ డ్యూటీ పడేది. మిల్లు ఆపి మరమ్మతులు చేసే ఆ రోజుల్లో నేను లేకపోతే ప్లాంటు కుప్పకూలిపోతుందని నా గట్టి నమ్మకం. నేను మానేశాక కూడా మిల్లు బాగానే తిరుగుతోంది, కనుక్కున్నాను. అలా అరకు కూడా చూడకుండానే ఆవిడ జుట్టు నెరిసింది. చివరికి నేను వీఆర్‌ఎస్ తీసుకున్నాను. ఆవిడ గాజువాకలో నడుపుతున్న టైలరింగ్ షాపు మూసేసి, మిషన్లు తన దగ్గర పని నేర్చుకున్న ఆడపిల్లలకు ఇచ్చేసింది. క్వార్టరు ఎలాగూ అప్పగించాలి.

"ఈసారి ఎల్లకపోతే ఇంక ఎల్లలేమండి," అంది. తేలిగ్గానే అంది గాని, చూపు నా మొహం మీదే ఉంది.

నేను మాత్రం వీడ్కోలు సభలో శాలువా కప్పించుకుని కాశ్మీరు రోడ్ల గురించి ఉపన్యాసం దంచాను. అప్పటికి బండి కొననే లేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

తర్వాత స్కూలు పిల్లల్ని మోసి మోసి అలిసిన పాత వ్యాను ఒకటి దొరికింది. మా బావమరిదికి ఆటోనగర్లో వెల్డింగ్ షెడ్డుంది. వాడిదీ నా జబ్బే. మంచానికి ప్లైవుడ్ చాలని ఎవరో అంటే ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఇనప చానల్‌తో మంచం కట్టాం. యాంగిల్‌తో బీరువా కట్టాం. నేలకి గళ్ల ప్లేటు పరిచాం. వంటగట్టుకి గ్రానైటు వేశాం. రుబ్బిన పిండి లేకపోతే నాకు పొద్దు గడవదు కాబట్టి గ్రైండరు కూడా బిగించాం.

"బావా, ఇంక తుపానొచ్చినా కదల్దు," అన్నాడు వాడు మురిసిపోతూ. నేనూ దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

ప్రయాణం మాత్రం వారం వారం వాయిదా పడుతూ పోయింది. దోమల మెష్ అవనీ అన్నాను. వానలు తగ్గనీ అన్నాను. వానలు తగ్గాక ఎండలు మొదలయ్యాయి. రైతు బజార్లో పాత సహోద్యోగులు ఎదురై "ఇంకా ఎల్లలేదేటి గురూ?" అని అడగడం మొదలెట్టారు. శాలువా కప్పించుకున్న మనిషి వంకాయలు ఏరుకుంటూ దొరికిపోతే ఏం బాగుంటుంది? హెల్మెట్ తియ్యకుండానే కూరలు కొనడం అలవాటు చేసుకున్నాను.

ఆఖరికి నా భార్యే రోజు చూసి, బండి పూజకి సింహాచలం పోదామంది. ఘాట్ రోడ్డు ఎక్కడం మొదలెట్టామో లేదో బండి మూలిగింది, ఆయాసపడింది, ఆగిపోయింది. వెనక కార్ల హారన్లు. భక్తులు దిగొచ్చి భుజాలు ఆనించారు. బండి ఇంచు కదల్లేదు.

"ఏటి బాబూ, లోపల ఇనప సామాన్ల కొట్టెట్టావేటి?" అన్నాడొకాయన చెమట తుడుచుకుంటూ. సరుకు దించి బరువు తగ్గించమని ఇంకొకాయన సలహా. బోల్టులైతే విప్పేవాణ్ణి, మొత్తం వెల్డింగే. వచ్చిన దారినే వెనక్కి, బ్రేకు మీద పాదం పెట్టి, అప్పన్నని తలుచుకుంటూ కిందికి జారాం.

కొండ దిగువన ఒక అరుగు మీద, ఒళ్లో కొబ్బరికాయ పళ్లెంతో కూర్చుంది నా భార్య. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఇల్లొదిలేసి ఎల్దామనుకున్నాం కదండీ. మీరు మళ్లీ ఇల్లు కట్టీసేరు," అంది. పళ్లెం పక్కన పెట్టి, "ఎల్లడం ఇష్టం లేకపోతే నోటితో సెప్పండి. ఇనప ముక్కల్తో సెప్పక్కర్లేదు."

ఇష్టం లేక కాదు. నాకు భయం వేసింది, అంతే. ఫ్యాక్టరీ గేటు పాసు లేని నేను ఏ ఊళ్లో ఎవర్ని? అదే పైకి అన్నాను. భయంగా ఉందన్నాను.

"నాకు లేదేటి?" అంది ఆవిడ. నిజంగానే ఉందని గొంతులో తెలిసింది. అంత భయంతోనూ షాపు మూసేసిందని అప్పుడు తట్టింది, సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు బావమరిది గ్యాస్ కట్టరు పట్టుకున్నాడు. తను అతికినదాన్ని తనే కోస్తుంటే వాడి మొహం చూడలేకపోయాను, చావింటిలా ఉంది షెడ్డు. గ్రైండరు వాళ్లింటికే పోయింది. బండిలో చివరికి మిగిలింది ఒక పరుపు, ఒక స్టవ్వు, బట్టల పెట్టెలు. నేను తాళాలు తీసుకోబోతే నా భార్య ముందుగా అందుకుని స్టీరింగు ముందు కూర్చుంది. ఇన్నాళ్లూ కర్టెన్ల గుడ్డ కొనడానికని తమ్ముడితో వెళ్లిందంతా డ్రైవింగు నేర్చుకోవడానికట. లైసెన్సు కూడా ఉందట. మా బండిలో ఏ కిటికీకీ కర్టెన్ లేదని నేను అప్పటిదాకా గమనించలేదు.

ఘాట్ రోడ్డు మలుపుల్లో నేను పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాను. ఆవిడ ఒక్కసారి కూడా ఆపకుండా కొండెక్కించింది.

పైన అర్చకుడు బండికి పసుపు బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు సర్ది, "గోత్రం, పేరు చెప్పండి," అన్నాడు. అలవాటు కొద్దీ నేను గొంతు సవరించుకున్నాను. ఈలోగా ఆవిడ గోత్రం చెప్పి, తన పేరు చెప్పింది.

అర్చకుడు నా వైపు చూశాడు. "మరి వీరు?"

నా భార్య కూడా నా వైపు చూసింది, జవాబు నన్నే చెప్పమన్నట్టు.

"నేనూ వెళ్తున్నానండి," అన్నాను.