నీవెవరో అనే ఇంగ్లీషు పాట

పక్షవాతం వచ్చి మాట పడిపోయిన మా అన్న, వారాల మౌనం తర్వాత మొట్టమొదటిసారి నోరు తెరిచి, తనకు జావ తాగిస్తున్న భార్య మొహంలోకి చూసి అన్న మాట ఇది: "నీవెవరో..."

తార్నాక మెయిన్ రోడ్డు మీద మేడపైన రెండు గదుల వాటా వాళ్లది. కింద బస్సు వెళితే పైన వంటింట్లో గిన్నెలు లేచి నిలబడి నమస్కారం పెట్టేవి. రెండు బస్సులు ఎదురెదురుగా వస్తే గోడమీది క్యాలెండరులో నెల మారిపోయేది. అంత హోరులోనూ ఆ మాట అక్షరం పొల్లుపోకుండా వినిపించిందట. వదిన జావ గిన్నె కిటికీలో పెట్టింది. ఆయన మూతి తుడిచింది. వంటింట్లోకి వెళ్లి స్టవ్వు ముందు కూర్చుంది. స్టవ్వు మీద ఏమీ లేదు. అసలు వెలిగించనే లేదు.

తొంభైల నడుమ సంగతి. అన్నకు అప్పటికి నలభై నిండలేదు. ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పేవాడు. వాడు తార్నాక చౌరస్తాలో నిలబడి సైన్ తీటా అంటే మౌలాలి గుట్ట కాస్ తీటా అని జవాబిచ్చేదని ఒక ప్రతీతి ఉండేది. దాన్ని పుట్టించినవాణ్ని నేనే అయినా, గొంతు మాత్రం నిజంగానే అంతటిది. ఒకరోజు క్లాసులో చేతిలోంచి చాక్‌పీసు జారింది. వంగి తీసుకోబోయి మనిషి మళ్లీ లేవలేదు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకే బండెక్కి పోయాయి. మాట వస్తుందా అని అడిగితే డాక్టరు ఫ్యాను వైపు చూశాడు. మేమూ చూశాం. ఫ్యాను కూడా ఏమీ చెప్పలేదు.

వదినది కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. అన్నా ఆమే యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒకే క్లాసు. పెళ్లి చేసుకుంటామన్నప్పుడు వాళ్లింట్లో పొయ్యి వెలగలేదు, మా ఇంట్లో ఆరలేదు. అప్పట్నుంచి గడప తొక్కని వాళ్లమ్మ, అల్లుడు పడిపోయాక ఒక సంచీతో దిగింది. 'నీవెవరో' విన్న పూటే ఆ సంచీ పక్కన కూతురి పెట్టె కూడా పెట్టింది.

"కట్టుకున్నదాన్నే గుర్తుపట్టని మనిషి దగ్గర ఏమని ఉంటావే? పద అమ్మాయ్."

"గుర్తున్నానో లేదో తేలనీ అమ్మా. తేలాక చెప్తాను."

"అడిగాడు కదే, నీవెవరూ అని! ఇంకేం తేలాలి?"

వదినకు కావలసింది వైద్యమూ కాదు, సానుభూతీ కాదు. తను ఆ మనిషికి తెలుసా లేదా, అంతే.

నేనప్పుడు క్యాంపస్ హాస్టల్లో పరిశోధన చేస్తున్నాను. ఏ విషయం మీద అని నన్ను అడగకూడదని హాస్టల్లో అందరికీ తెలుసు, గోడమీది బల్లులతో సహా. కబురందగానే పరిగెత్తాను. మౌలాలి నుంచి అక్క కూడా టిఫిన్ క్యారియరుతో వచ్చింది. మా ముగ్గురిలో అక్క పెద్దది, తర్వాత అన్న, ఆఖరున నేను. అక్క చెప్పులు విప్పకముందే విచారణ మొదలుపెట్టింది.

"ఏమన్నడు? మల్ల చెప్పు మరదలా."

"నీవెవరో అన్నారు వదినగారూ."

"నీవెవరో అన్నడా, నువ్వెవలు అన్నడా?"

"నీవెవరో అనే. సాగదీసి మరీ అన్నారు."

అక్క క్యారియరు కింద పెట్టింది. "మా ఇంట్ల పుట్టినోడు ఎవడన్న నీవెవరో అంటడా? వాడేమన్న నాటకంల ఏషమేసిండా? ఎవలు నువ్వు అంటడు, ఎవరే నువ్వు అంటడు. నీవెవరో ఏంది?" అని నా వైపు తిరిగింది. నేనూ ఆమె వైపు చూశాను. ఇద్దరి వీపుల మీదా ఒకే చీమ పాకినట్టయింది.

"అరేయ్ తమ్మీ," అంది అక్క. "గిది మన పాట కదరా!"

వదినకూ వాళ్లమ్మకూ అప్పుడు కథంతా చెప్పాల్సి వచ్చింది. మీకూ చెబుతాను.

మా నాయిన యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలకు అట్టలు కట్టేవాడు. క్యాంపస్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. చదువు ముగించి దేశం వెళ్లిపోతున్న ఒక విదేశీ విద్యార్థి, తన థీసిస్‌కు బంగారు అక్షరాల అట్ట కట్టినందుకు మా నాయినకు ఒక రికార్డు ప్లేయరూ, దానిమీద తిరగడానికి ఒకే ఒక్క ఎల్పీ రికార్డూ ఇచ్చిపోయాడు. దాని అట్టమీద ఎక్కడో సముద్రాలవతలి ఒక కుటుంబం: ఐదుగురు అన్నదమ్ములు, బుల్లి చెల్లెలు. అందరికీ తెల్ల సూట్లు. ఒక్కో ప్యాంటు కాలి వెడల్పులో ఒక సంసారం అద్దె లేకుండా కాపురం చేసుకోవచ్చు. అందరి పళ్లూ కలిపితే క్వార్టర్స్‌కు వీధి దీపాలు అక్కర్లేదు. వాళ్ల గ్రూపు పేరు చదవడం మాకు రాదు కనుక 'అన్నదమ్ములోళ్లు' అని పిలుచుకున్నాం.

ఆ రికార్డు అరిగి పారదర్శకం అయ్యేదాకా విన్నాం. పాటలన్నీ నేర్చుకున్నాం. ఇంగ్లీషు రాదు కనుక చెవికి ఏది వినబడితే అదే సాహిత్యం. ఒక పాటలో వాళ్లు 'ఆల్ గాన్ అవే' అనేవాళ్లు. మాకది 'ఆలుగడ్డవే'. అమ్మ ఆలుగడ్డ కూర చేసిన రోజు ఆ పాట తప్పనిసరి. వాళ్ల పెద్ద హిట్టులో 'నెవర్, ఓ... నెవర్, ఓ' అని లాగేవాళ్లు. మాకది 'నీవెవరో, నీవెవరో'. ఇంగ్లీషోళ్లు మన భాషలో ఇంత మర్యాదగా పాడారేమిటా అని నాయిన కూడా మురిసిపోయాడు.

అన్న మా గ్రూపుకు గాయకుడు, మేనేజరు, నియంత. మొదటి చరణం వాడిది. బదులు పలకడం అక్కది. వెనకాల 'ఊ ఊ' అనడం నాది. క్వార్టర్స్ వినాయకుడి పందిట్లో మేం పాడుతుంటే, పక్కింటి పిల్ల ఒకతె తానూ పాడతానని స్టేజీ ఎక్కింది. అన్న పాట ఆపి, ఆ పిల్ల నోటిమీద అరచెయ్యి పెట్టి కిందికి దింపేశాడు. "గిది ఫ్యామిలీ గ్రూపు" అన్నాడు మైకులో.

ఇదంతా విని వదిన వాళ్లమ్మ పెట్టె మీద కూర్చుంది. వదిన మాత్రం నెమ్మదిగా, "అంటే నన్ను అడగలేదన్నమాట. పాడారు," అంది. ఆ మొహంలో ఆశ వచ్చి కూర్చోబోయి, కుర్చీ గట్టిదో కాదో చూసుకుంటున్నట్టుంది.

"ఆ రికార్డేదీ?" అని అక్కను అడిగాను.

"మా ఇంట్ల బియ్యం డబ్బా మీద మూత అదే కదరా. మంచిగ సరిపోయింది."

ఆ మూతను సైకిలు మీద లాలాపేట్ మీదుగా క్యాంపస్‌కు తెచ్చాను. ప్లేయరు ఏనాడో చచ్చిపోయింది. భాషలు నేర్పే ల్యాబులో ఒకటి బతికి ఉందంటే అక్కడికి పోయి, రికార్డు మీది తవుడు తుడిచి, క్యాసెట్లోకి ఎక్కించమని బతిమాలాను. అదెక్కుతున్నంతసేపూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. అప్పటికి ఇంగ్లీషులో ఎమ్మే చేసి ఉన్నాను. చెయ్యకపోతేనే బాగుండేది.

ఆలుగడ్డల పాటలో ఆలుగడ్డలు లేవు. అందరూ వెళ్లిపోయారు, ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేదు అని ఆ ఐదుగురూ చప్పట్లు కొడుతూ పాడుతున్నారు. పెద్ద హిట్టులో ఎవరూ ఎవర్నీ నీవెవరని అడగడం లేదు. ఇక ఎన్నటికీ రాను, ఎన్నటికీ పిలవకు అని అన్నలు అంటుంటే, బుల్లి చెల్లెలు ఒక్కొక్కర్నీ ఆగమంటోంది. మా అమ్మ నవ్వుతూ తాళం వేసినవీ, మేం గెంతులు వేసినవీ అన్నీ ఇలాంటివే. ఎమ్మేలో నేను చదివిన ఏ విషాద నాటకంలోనూ అంతమంది ఒకేసారి ఇల్లు ఖాళీ చెయ్యలేదు. హెడ్‌ఫోన్లు తీసేశాక కూడా చెవుల్లో ఆ చప్పట్లు ఆగలేదు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. క్యాసెట్ తీసుకెళ్లి అన్న మంచం పక్కన పెట్టి టేప్‌రికార్డరు మీట నొక్కాను.

అన్న ఎడమచెయ్యి దుప్పటి మీద తాళం వేసింది. మూతి సగం కిందికి వేలాడుతూనే ఉంది. మిగతా సగం పాడింది. ముక్కలుగా కాదు, మొత్తం చరణం, మా తప్పులతో సహా, పాత గొంతుతో. అక్క గొంతు కలిపింది. నేను నా భారీ దేహమంతటితో 'ఊ ఊ' అన్నాను. కింద బస్సులు కూడా గౌరవంగా వెళ్లాయి. మంచినీళ్లు అని ఒక్క మాట అనలేనివాడు పాటంతా పాడేశాడు.

"పాటే అని తేలింది," అంది వదిన క్యాసెట్ ఆపి. "మరి నేనెవరో తెలుసా ఆయనకి? అది చెప్పండి."

వాళ్లమ్మ పెట్టె మీంచి లేవలేదు. వదిన క్యాసెట్ వెనక్కి తిప్పింది. "ఈసారి మీరు పాడకండి వదినగారూ. మీ వంతు నేను పాడతాను," అంది.

అన్న ఎత్తుకున్నాడు. బదులు చెప్పే చోట వదిన సన్నటి గొంతుతో అందుకుంది. అన్న ఆగిపోయాడు. ఆమె వైపు చూశాడు. నుదురు ముడిపడింది. ఎడమచెయ్యి ఎత్తి, ఆమె నోటిమీద అరచెయ్యి పెట్టి మూశాడు. తర్వాత అదే చేత్తో అక్కను చూపించాడు.

వదిన మళ్లీ పాడింది. మళ్లీ మూశాడు. ఈసారి కోపంగా.

"నిన్ను వద్దంటున్నడు మరదలా," అంది అక్క భయం భయంగా.

"నన్ను!" అంది వదిన. మంచం పట్టె మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఆగకపోయేసరికి వాళ్లమ్మ లేచి వచ్చింది.

"ఏమొచ్చిందే నీకు? కాదు పొమ్మన్నాడు కదా!"

"నన్ను కాదన్నారమ్మా. నేను వాళ్లక్కని కాదని తెలుసు ఆయనకి. నేనెవరో తెలుసు."

"తెలిస్తే?"

"తెలుసు కదా. అది చాలదూ?"

వాళ్లమ్మ తన సంచీ మాత్రం తీసుకుంది. బస్‌స్టాపు దాకా నేనే మోసుకెళ్లాను. "నువ్వైనా దానికి చెప్పకూడదటయ్యా, చదువుకున్నవాడివి?" అందావిడ.

"నేనింక చదువుతనే ఉన్న ఆంటీ," అన్నాను.

ఇక్కడితో అయిపోతే నేను కూడా సంతోషించేవాణ్ని. తర్వాత ప్రతి ఆదివారం అక్కా నేనూ వెళ్లేవాళ్లం. ముగ్గురం పాడేవాళ్లం. తార్నాకలో ఆ గ్రూపుకు మళ్లీ మంచి రోజులొచ్చాయి. పక్క వాటాల వాళ్లు మెట్ల మీద కూర్చుని వినేవాళ్లు. వదిన టీ ఇచ్చి గుమ్మం దగ్గర నిలబడేది, తన ఇంట్లో టిక్కెట్టు కొనుక్కుని వచ్చినదానిలా. డాక్టరు చెప్పాడు, పాట ఒక గదిలో ఉంటుంది, మాట ఇంకో గదిలో ఉంటుంది, పాట గది బాగానే ఉంది, మాట గది కప్పు కూలింది అని. మేం బాగున్న గదిలోనే చాపలు పరుచుకుని కూర్చున్నాం.

ఒక ఆదివారం మేం వెళ్లేసరికే అన్న ఆలుగడ్డల పాట అందుకున్నాడు. గట్టిగా, మొహమంతా చెమటతో, నా చొక్కా పట్టుకుని లాగుతూ. అబ్బ ఏం ఊపు మీద ఉన్నాడు అనుకున్నాం. అక్క చప్పట్లు కొట్టింది. నేను 'ఊ ఊ' అన్నాను. వాడు ఇంకా గట్టిగా పాడాడు. మేం ఇంకా గట్టిగా కలిపాం. వంటింట్లోంచి వదిన వచ్చి చూసి, మమ్మల్ని తోసుకుని మంచం దగ్గరికి పరిగెత్తేసరికి పక్కంతా తడిసిపోయి ఉంది. వాడు అడుగుతున్నది ఒంటేలుకు లేపమని. వాడి దగ్గరున్న మాటలు అవే.

అన్న గోడవైపు తిరిగాడు. వదిన పక్క మార్చింది. ఆయన ఒళ్లు తుడిచింది. మేం సాయం చెయ్యబోతే బయటికి వెళ్లమంది. తర్వాత టేప్‌రికార్డరులోంచి క్యాసెట్ తీసి నా చేతిలో పెట్టింది.

"ఇంక ఈ పాటలు ఈ ఇంట్లో వద్దు మరిదిగారూ. వాటితో ఆయన మీ ముగ్గురి దగ్గరే ఉండిపోతున్నారు. నాకు ఒక్క మాట కావాలి. ఒక్కటి చాలు."

ఆ వానాకాలమంతా ఆ ఇంట్లో చప్పుడు లేదు. అన్న పాడలేదు, మాట్లాడలేదు. వదిన మీద కోపమేమో, మా మీదో, దేవుడికే తెలియాలి. ఆమె మాత్రం ప్రతి పనీ మాటతో చేసేది. అన్నం పెడుతున్నానండీ, చారు పోస్తున్నానండీ, కిటికీ వేస్తున్నానండీ. గోడకైనా విసుగొచ్చేది. ఒక మధ్యాహ్నం కంచంలో అన్నం వడ్డిస్తూ ఏదో చెబుతూ చెబుతూ ఇంకో గరిటె వేయబోయింది.

"సాలు," అన్నాడు అన్న.

పుస్తకాల తెలుగు కాదు, పాట కాదు. మా నాయిన కంచం ముందు అనే మాట. వదిన గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయిందట.

రెండో మాట రాలేదు. అన్న బతికినన్నాళ్లూ ఆ ఒక్కదానితోనే సంసారం చేశాడు. ఆకలికీ సాలు, నొప్పికీ సాలు, టీవీకీ సాలు, బస్సుల హోరుకూ సాలు. నేను చాలా రోజులు మొహం చెల్లక వెళ్లలేదు. వెళ్లిన రోజు నన్ను చూడగానే కనుబొమలు ఎగరేసి, "సాలు, సాలు," అన్నాడు. నేను గుమ్మంలోంచే వెనక్కి తిరిగాను.

"ఎక్కడికి?" అంది వదిన. "కూర్చోమంటున్నారు. ఇన్నాళ్లూ ఏమైపోయావు, మీ అక్క రాలేదేం అని అడుగుతున్నారు."

"గిదంత ఆ ఒక్క సాలుల ఉన్నదా వదినా?"

"రెండుసార్లు అన్నారు కదా," అంది వదిన, నాకు కుర్చీ జరుపుతూ.