సెలవుకి వెళ్ళే ముందు మార్కస్ రాసిన పేజీ

2023 ఆగస్టు. సింగపూర్‌లోని జురాంగ్‌లో ఒక బిస్కట్ ఫ్యాక్టరీ. అక్కడ మెయింటెనెన్స్ ఇంజినీరుగా అప్పటికి నాది పదిహేడేళ్ళ సర్వీసు. మా మూడో లైనులో రెండు యంత్రాలు పక్కపక్కన ఉండేవి. బిస్కట్లకు రేపర్ చుట్టే మెషీన్ జర్మనీది. చుట్టిన పొట్లాలను అట్టపెట్టెల్లో సర్దేది అమెరికాది, దాన్ని కార్టనర్ అంటారు. మొదటిదాని పొట్లం రెండోదాని పెట్టెలో సరిగ్గా సమయానికి పడాలి. రెప్పపాటు తేడా వచ్చినా బిస్కట్ పిండైపోతుంది.

యంత్రాలకన్నా వాటి వెనకున్న మనుషుల మీదే నాకు ఎక్కువ కన్ను. అమెరికా ఇంజినీరు బ్రయన్ ఒకసారి వీడియో కాల్‌లో తన గ్యారేజీ చూపించాడు. జురాంగ్ వెస్ట్‌లోని మా ఫ్లాటును కారిడారుతో, మెట్లతో, పక్కింటి ఆంటీ పూలకుండీలతో సహా అందులో పార్కు చేసి, ఇంకా ఓ లారీకి చోటివ్వొచ్చు. జీతం ఎంతో అతను చెప్పలేదు. నేనే ఊహించుకుని రెండు పూటలు అన్నం మానేశాను. జర్మనీ ఇంజినీరు మార్కస్‌కి గ్యారేజీ లేదు, సైకిలుంది. కానీ ఏటా ఆగస్టులో మూడు వారాలు ఓ సరస్సు ఒడ్డున కాళ్ళు చాపుకుని పడుకుంటాడు. ఆ కాళ్ళ ఫొటో చూసినప్పుడల్లా నా కాళ్ళకి తిమ్మిరెక్కేది.

నా గత నాలుగు సెలవులూ ఫోన్‌లో లైను బాగుచేస్తూనే గడిచాయి. ఐదోది ఆ శుక్రవారం, మలేసియాలోని లంకావీ దీవికి. మా ఆవిడ పద్మ ముందే చెప్పేసింది: “ఏమండీ, ఈసారి మీరు ఆగిపోతే నేనొక్కదాన్నే వెళ్తా. ఫొటోలు కూడా పంపను.”

మంగళవారం పొద్దున రేపర్ మెషీన్ బెల్టు మార్చాం. మార్చగానే పొట్లాలు పెట్టె అంచుకి కొట్టుకుని తుక్కవడం మొదలైంది. గంటలో బిస్కట్ పొడి మోకాలి లోతు. నాకన్నా రెండేళ్ళు పెద్దవాడైన టెక్నీషియన్ రహీం చీపురు పట్టుకుని మా సింగపూర్ ఇంగ్లీషులో అడిగాడు: “బాస్, ఫ్రైడే లీవ్ క్యాన్సిల్ ఆ?”

బ్రయన్‌కి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు. అక్కడ కూతురి పుట్టినరోజు పార్టీ, వెనక పాట వినిపిస్తోంది. “చెప్పు, బయటికి వచ్చేశాను” అన్నాడు. పది నిమిషాల్లో తన లాప్‌టాప్ నుంచే కార్టనర్ లోపలికి దూరి, తన యంత్రంలో తప్పు లేదని తేల్చేశాడు. ఎవరి అనుమతీ అడగలేదు. కావాలంటే రేపే విమానం ఎక్కుతానన్నాడు. ఆ వేగం చూసి కుళ్ళుకున్నాను.

మార్కస్‌కి మెయిల్ పంపితే ఆటో రిప్లై వచ్చింది: “సెలవులో ఉన్నాను. మీ మెయిల్ చదవను. లేనాని అడగండి.” చదవడట! నా ఆటో రిప్లైలో నా నంబరు, మా ఆవిడ నంబరు, హోటల్ రిసెప్షన్ నంబరు కూడా ఉండేవి.

జర్మనీలో ఆఫీసు తెరిచేసరికి మాకు మధ్యాహ్నం మూడు. ఫ్యాక్టరీ పేరుతో నేను పెట్టిన మెయిల్ చూసి లేనా ఫోన్ చేసింది. ఉద్యోగంలో చేరి ఐదు నెలలట. నా లంకావీ సముద్రంలో కలిసిపోయిందనుకున్నాను.

“మార్కస్ ఫైల్లో మీ ఫ్యాక్టరీకి ఒక పేజీ ఉంది. చదవనా?”

“చదువమ్మా.”

“బెల్టు మారిస్తే ఎన్‌కోడర్‌ని సున్నాకి తెచ్చి, పన్నెండు డిగ్రీలు ముందుకు జరపాలి.” ఎన్‌కోడర్ అంటే యంత్రం ఎంత తిరిగిందో కొలిచే పరికరం. లేనా చదువుతూనే ఉంది: “ఈ ఉపాయం నాది కాదు. అక్కడి ఇంజినీరు రావు కనిపెట్టాడు. రాసిపెట్టుకోమన్నాను. అంతా గుర్తుంటుందన్నాడు. అందుకే నేను రాస్తున్నాను.”

నా చొక్కాకున్న పేరు బిళ్ళని చేత్తో మూసుకున్నాను.

“రావు అంటే ఎవరో మీకు తెలుసా?” అంది.

“తెలుసు. కొంచెం మతిమరుపు మనిషి.”

నలభై నిమిషాల్లో లైను నడిచింది.

మర్నాడు బ్రయన్‌కి విషయం చెప్పి, నీ దగ్గరా ఇలాంటి ఫైలుందా అని అడిగాను. “అంతా రాసిచ్చేస్తే ఇక నాతో వాళ్ళకేం పని?” అని నవ్వాడు. ఆ నవ్వులో నవ్వు తక్కువ. పదిహేడేళ్ళుగా నేను పైకి అనని మాట అది. తిరిగొచ్చేసరికి కుర్చీ ఉంటుందన్న ధీమా ఉంది గనక మార్కస్ అన్నీ రాసేసి సరస్సుకి పోతున్నాడు. ఇన్నాళ్ళూ అతని కాళ్ళని చూసి కుళ్ళుకున్నాను. అసలు కుళ్ళుకోవలసింది ఆ ధీమాని చూసి.

ధీమా లేకపోయినా గురువారమంతా కూర్చుని రాశాను. ముప్పై ఒక్క పేజీలు. రహీం చేతిలో పెడుతుంటే ఉన్న ఆస్తంతా రాసిచ్చేసినట్టుంది. శుక్రవారం పద్మతో విమానం ఎక్కాను.

లంకావీలో ఫోన్ మోగలేదు. మొదటి రోజు హాయి. రెండో రోజు అనుమానం. మూడో రోజు నేనే చేశాను.

“రహీం, లైను ఆగిందా?”

“రన్నింగ్ బాస్. మీ పేజ్ నైన్‌లో మిస్టేక్ ఉంది, కరెక్ట్ చేసేశా. యూ ఎంజాయ్ లా.”

పద్మ నా మొహం చూసింది. “ఏమైందండీ, ఫ్యాక్టరీ తగలబడిందా?”

“లేదు, నడుస్తోంది.”

“మరి ఆ ఏడుపు మొహమేంటి?”

అమెరికాని చూసి కుళ్ళుకున్నాను, యూరప్‌ని చూసి కుళ్ళుకున్నాను. జురాంగ్‌లో నా స్టూలు మీద కూర్చున్న రహీంని చూసి కుళ్ళుకోవడం అదే మొదలు. పని రాసిపెడితే మనకన్నా బాగా చేసేవాడు పక్కనే తయారవుతాడు, అందుకు సిద్ధపడ్డవాడికే నిజమైన సెలవు దొరుకుతుంది. ఇది నాకు ఆ బీచిలో తెలిసింది. తెలిసింది గానీ ఒంటబట్టలేదు. తిరిగొచ్చిన రోజు టీ కూడా తాగకుండా ముందు తొమ్మిదో పేజీ తీసి చూశాను.

రహీం దిద్దింది కరెక్టే.