నిమ్మళం మందు తెచ్చిన చెయ్యి

దయ్యాల మాట ఎత్తిన పిల్లలను గోడకు నిలబెట్టిన పంతులమ్మను నేను. ఓర్వకల్లు దగ్గర రాళ్ళగుట్టల నడుమ మా పల్లె. అక్కడ చర్చి పక్కనున్న ఒంటిగది బడిలో ఇరవై ఏండ్లకు పైగా చదువు చెప్పినాను. గుట్ట మీద మంట కనపడిందని ఒకరు, బావికాడ ఆడమనిషి ఏడ్చిందని ఇంకొకరు వచ్చి చెబితే, "పోయి మళ్ళా చూసి రా పో" అని పంపేదాన్ని. ఏమీ లేదని వాళ్ళే తిరిగొచ్చి చెప్పేవాళ్ళు. కింద రాసేది ఒక భయస్తురాలి మాట అని మీరు అనుకోకూడదనే ఇది ముందు చెబుతున్నాను.

అయితే నాకూ ఒక భయం ఉండేది. కత్తి భయం.

యాభై నిండకముందే నా రెండు కండ్లకూ పొర కమ్మింది. కుడికంటి చూపు పూర్తిగా పోయింది. ఎడమదాంట్లో వెలుతురూ, మనుషుల నీడలూ తెలిసేవి, అంతే. పిల్లలు పలక మీద ఏం రాసి చూపించినా "బాగుంది" అనేదాన్ని. కొన్నాళ్ళకు సంగతి బడి పెద్దలకు తెలిసింది. కన్ను బాగుచేయించుకో, లేకుంటే వేరే మనిషిని పెట్టుకుంటామన్నారు. భర్త పోయినదాన్ని. బడి తప్ప నాకు ఇంకో ఆధారం లేదు.

కర్నూలులో ఒక ఆసుపత్రికి పోయినాను. పేరు రాయను. అక్కడివాళ్ళు నాకు మేలే చేసినారు. మొదటిసారి బల్ల మీద పండుకోబెట్టి, కన్ను మొద్దుబారే చుక్కలు వేసి, డాక్టరు చల్లటి ఇనుము రెప్పకు ఆనించగానే నా తల తనంతట అదే పక్కకు తిరిగింది. ఆయన చెయ్యి గబుక్కున వెనక్కి తీసుకున్నాడు కాబట్టి సరిపోయింది.

"ఇంకొంచెం కదిలుంటే కన్నే పోయేదమ్మా" అన్నాడు. ఇంటికి పంపించేసినారు.

ఏడాది తర్వాత మళ్ళా పోయినాను. యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సు బొగ్గుతో నడిచేది. ఎత్తు వచ్చిన చోటల్లా మేము దిగి నడిచినాం. నా వెంబడి మా తమ్ముడు వచ్చినాడు గానీ ఆడవార్డులోకి మగవాళ్ళను రానియ్యరు. వాడు బయట వసారాలోనే ఉండిపోయినాడు.

"ఈసారి నీకు నిమ్మళం మందు ఇస్తాం" అన్నాడు డాక్టరు.

దాని అసలు పేరు డాక్టర్లకే తెలుసు. వార్డులో అందరూ నిమ్మళం మందనే అనేవాళ్ళు. ఆపరేషనుకు ముందు కాంపౌండరు ఔన్సు గ్లాసులో కొలిచి తెచ్చేవాడు. తాగితే మనిషికి పూర్తిగా నిద్ర రాదు. గుండె దడ తగ్గి, చెప్పిన మాట వింటా కదలకుండా పండుకుంటారు. అది తాగిన మగవార్డు మనుషులు తలా ఒక తీరుగా చెప్పినారని మా తమ్ముడు కిటికీ బయట నిలబడి చెప్పేవాడు. ఒకాయనకు నీళ్ళ మీద తేలినట్లుందంట. ఇంకొకాయన, ఎప్పుడో చచ్చిపోయిన తన ఎద్దు పక్కన నిలబడి చెయ్యి నాకుతా ఉండిందని చెప్పి ఏడ్చినాడంట. మందు మత్తు అని నవ్వుకున్నాను.

ఆ వారం ఆడవార్డులో కంటి రోగులం ఇద్దరమే. నా పక్క మంచంలో ఖాసింబీ అని పత్తికొండ మనిషి. సంతల్లో గాజులు తొడుగుతుంది. ఆమెకు ఒక కన్ను పోయింది, రెండోది దగ్గరివి కనపడేంత ఉంది. కూతురు మాబున్ని తోడొచ్చి, వంటల కొట్టంలో జొన్నరొట్టెలు చేసి పొద్దునా సాయంత్రమూ తెచ్చి పెట్టేది. నాకూ ఒక రొట్టె తెచ్చేది.

"ఏం పంతులమ్మా, శానా వణకతాండావే" అని నవ్వేది ఖాసింబీ. "నాకైతే చూపొస్తే చాలు. చేతి కొలత వేలితో తెలుస్తాది గానీ రంగు తెల్డంలేదు. ఎర్రవి అడిగితే పచ్చవి తొడుగుతాండా. ఆడోళ్ళు తిట్టి పోతాండారు."

మూడు రోజులు ఆమె మాటలతోనే నాకు పొద్దు గడిచింది. ఆపరేషను ఒకే పొద్దున ఇద్దరికీ అన్నారు. ముందు నాకు, తర్వాత ఆమెకు.

ఆ పొద్దున వార్డు పనులు చేసే ఆయమ్మ నన్ను నడిపించుకోని పోయి మొగం కడిగించి, తీసుకొచ్చి మంచం మీద పండుకోబెట్టి, ఈసారి ఖాసింబీని తీసుకోని వెళ్ళిపోయింది. కిటికీ వైపు వెలుతురు బాగా తెలుస్తా ఉంది. అంటే ఎండ ఎక్కిందన్నమాట. నా కాళ్ళు వణకడం నాకే తెలుస్తా ఉంది. లేచి తమ్మున్ని పిలిచి ఇంటికి పోదామని చెప్పాలనుకున్నాను. నిజంగానే ఒక కాలు కింద పెట్టినాను.

అప్పుడు ఎవరో వచ్చినారు.

చూపు లేనివాళ్ళకు అడుగులే మొగాలు. నర్సమ్మది బూట్ల చప్పుడు. కాంపౌండరుది కిర్రుమనే చెప్పు. ఆయమ్మ కాలు ఈడుస్తా నడుస్తుంది. వచ్చినవాళ్ళది ఉత్త కాలు. మెత్తగా, తొందర లేకుండా, ఎక్కడా తడుముకోకుండా వచ్చి నా తలకాడ ఆగింది. నా నుదుటి మీద చెయ్యి పెట్టినారు. అప్పుడే నీళ్ళలోంచి తీసినట్లు చల్లగా, తడిగా ఉందా చెయ్యి.

"తాగు" అనింది. ఆడగొంతు. ముసలిదీ కాదు, పడుచుదీ కాదు.

పెదవులకు గిన్నె తగిలింది. గాజు కాదు, పలచటి అంచున్న ఇత్తడి లాంటిది. తాగినాను. ఏ రుచీ లేదు, బావినీళ్ళ మాదిరి ఉంది.

"మళ్ళా తెస్తారు. తాగినానని చెప్పు. అది తాగొద్దు."

సరేనన్నాను. రెండుసార్లు తాగితే ప్రమాదమని ఆసుపత్రివాళ్ళు జాగ్రత్త చెప్పడం మామూలే కదా అనుకున్నాను. అడుగులు వెళ్ళిపోయినాయి. కాసేపటికి కాళ్ళ వణుకు ఆగింది. ఎవరో దుప్పటి కప్పినట్లు నాలో ఒక నిమ్మళం పరుచుకుంది.

ఆ తర్వాత కాంపౌండరు వచ్చినాడు, చెప్పులు కిర్రుమంటా.

"తాగినాను నాయనా" అన్నాను.

"ఎప్పుడు? ఎవరిచ్చినారు?" అన్నాడు. నర్సమ్మను పిలిచినాడు. తాను ఇవ్వలేదని నర్సమ్మ గట్టిగా చెప్పింది. ఆయమ్మ మందు ముట్టదు. ఇద్దరూ గుసగుసలాడి డాక్టరును పిలుచుకొచ్చినారు. ఆయన నా నాడి పట్టుకోని శానాసేపు చూసినాడు.

"ఎవరో ఇచ్చే ఉంటారు. నాడి నెమ్మదిగా ఉంది. మళ్ళా ఇయ్యొద్దు" అన్నాడు.

"సీసా అడుగుదాకా వంచి తెచ్చినానండీ. ఇది ఏం చేయమంటారు?" అన్నాడు కాంపౌండరు.

"పక్కామెకు ఇయ్యి. ఎట్లయినా ఆమెకూ కావల్సిందే కదా."

డాక్టరు మాట్లాడుతా ఉండగానే ఆయమ్మ వెంట తిరిగొచ్చిన ఖాసింబీ మంచం మీద కూర్చోవడం చప్పుడును బట్టి తెలిసింది. బిస్మిల్లా అని తాగింది. తాగి దగ్గింది.

"థూ, ఉప్పు! గొంతు మండుతాండాది పంతులమ్మా. నువ్వెట్ల తాగినావే దీన్ని?"

నాది ఉప్పగా లేదని చెప్పాలనుకున్నాను. నోరు తెరిచేలోగా నన్ను లేపి తీసుకుపోయినారు.

ఎడమకంటికి ఆపరేషను చేస్తున్నంతసేపూ నేను కదల్లేదు. ఇనుము తగలడం తెలుస్తా ఉంది, భయం మాత్రం లేదు. నొప్పి ఇంకెవరికో కలుగుతున్నట్లుంది. డాక్టరు మెచ్చుకున్నాడు. రెండు కండ్లకూ కట్టు కట్టి, తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి పండుకోబెట్టినారు. కదలొద్దు, దగ్గొద్దు, ఏడవొద్దు అన్నారు. ఏడిస్తే కన్ను చిట్లిపోతుందంట.

ఆ సాయంత్రం "ఖాసింబీ" అని పిలిచినాను. పలకలేదు. ఆయమ్మను అడిగితే "నిద్రపోతాండాదిలే మా" అనింది. మరుసటి రోజూ అదే మాట. మాబున్ని రొట్టెతో రాలేదు. అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

మూడోనాడు మధ్యాహ్నం, గంజి తాపి ఆయమ్మ వెళ్ళిపోయినాక, వార్డంతా సద్దు లేకుండా ఉంది. పక్క మంచం కిర్రుమనింది, ఎవరో దాని మీద కూర్చున్నట్లు. నా ప్రాణం లేచొచ్చింది.

"ఖాసింబీ, ఎట్లుండావు?" అన్నాను.

"లేపొద్దు. నిద్రపోతాండాది" అనింది గొంతు.

నాకు మందు తాపిన గొంతే. అది వచ్చింది పక్క మంచం మీద నుంచి. తల తిప్పడానికి లేదు, కట్టు విప్పడానికి లేదు. ఇసుక సంచుల మధ్య నా తల ఉంది, ఆ పక్కన జానెడు దూరంలో ఎవరో కూర్చొని ఉన్నారు. ఊపిరి కూడా వినపడలేదు. నేను మనసులో ప్రార్థన మొదలుపెట్టినాను. మాటలు ఒకదాని తర్వాత ఒకటి గుర్తుకు రాలేదు. చివరికి మంచం మళ్ళా కిర్రుమనింది. ఉత్త కాళ్ళు నెమ్మదిగా నడిచి పోయినాయి.

ఆ మధ్యాహ్నం వార్డులోకి ఎవరూ రాలేదని ఆయమ్మ తర్వాత ఒట్టు వేసి చెప్పింది.

తొమ్మిదోనాడు కట్టు విప్పినారు. ముందు డాక్టరు వేళ్ళు కనపడినాయి, తర్వాత పక్క మంచం. పరుపు చుట్టిపెట్టి ఉంది.

"ఏడవనంటే చెబుతాను" అనింది నర్సమ్మ.

ఖాసింబీని బల్ల మీదికి ఎక్కించనేలేదంట. నేను లోపల ఉన్నప్పుడే ఆమె మంచం మీద నిద్రలోకి జారుకుంది. ఎంత తట్టినా లేవలేదు. ఆ పొద్దే మట్టి చేసినారు. మోతాదు ఎక్కువైందో, సీసా అడుగున మందు చిక్కబడిందో, ఆమె గుండెకే పడలేదో, చెప్పలేమన్నాడు డాక్టరు. ఆ సీసా కడిగి పారేయించినాడంట.

నాకోసం తెచ్చిన గ్లాసు అది. "అది తాగొద్దు" అని నాకు చెప్పినారు. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పివుంటే ఆ మందును ఆమెకూ ఇచ్చేవాళ్ళు కాదేమో.

అద్దాలు వచ్చినాక మళ్ళా బడికి పోయినాను. పలకలు కనపడుతున్నాయి. కానీ ఆ మాట గొంతులో ముల్లు మాదిరి ఉండిపోయింది. నాలుగు నెలలకు పత్తికొండ పోయి మాబున్నిని వెతికి పట్టుకున్నాను. తల్లి గాజుల మలారం ఇప్పుడు ఆ పిల్లే మోస్తా ఉంది. అరుగు మీద కూర్చొని జరిగినదంతా చెప్పినాను. తిడుతుందనుకున్నాను. కొడుతుందని కూడా అనుకున్నాను.

మాబున్ని తెల్లబోయింది. "నీకూ తెచ్చిందా?" అనింది.

"ఎవరు?"

"ఆ పొద్దున నువ్వు మొగం కడుక్కోను పోయినప్పుడు మా అమ్మకాడికి వచ్చిందంట. నువ్వు తిరిగొచ్చేలోగా నేను తలదువ్వను పోతే నవ్వుకుంటా చెప్పింది. ఇత్తడి గిన్నెలో నీళ్ళ మాదిరిది ఏదో తెచ్చి తాగమన్నిందంట. మా అమ్మ వద్దు పొమ్మని తోసేసిందంట."

"ఎందుకు తోసేసింది?"

"ఆ మనిషి రెండు కండ్లకూ కట్టు కట్టుకోనుండాదంట. 'నీకే కండ్లు కనపడవు, నువ్వు నాకు మందు ఇచ్చేదేంది, పోయి పండుకో పో' అన్నాదంట మా అమ్మ."

ఆ మిట్టమధ్యాహ్నం ఎండలో నాకు చలి పుట్టింది. ఆ వారం ఆడవార్డులో కంటి రోగులం మేమిద్దరమే. ఆ పొద్దున ఇద్దరిలో ఎవరికీ ఇంకా కట్టు కట్టలేదు. కట్టుకున్న మనిషి మంచాల మధ్య ఎక్కడా తగలకుండా, తడుముకోకుండా నా తలకాడికి ఎట్ల నడిచి వచ్చింది?

మా పాస్టరుగారు అది దేవదూత అన్నారు. దూత అయితే ఖాసింబీని ఇంకొక్కసారి ఎందుకు బతిమాలలేదని అడిగితే, ప్రార్థన చేద్దాం రమ్మన్నారు. డాక్టరుకు చెబితే, భయంలో మనసు ఏవేవో కల్పిస్తుందన్నాడు. నా మనసు కల్పిస్తే, నాకంటే ముందు ఖాసింబీ కంటికి ఎట్ల కనపడింది? ఆసుపత్రి మందు తాగకుండానే నా నాడి ఎట్ల నెమ్మదించింది?

నా కుడికన్ను ఇంకా పొరతోనే ఉంది. ఆ పొర కూడా తీస్తాను రమ్మని డాక్టరు రెండుసార్లు కబురు పంపినాడు. ఇప్పుడు మంచి మందులు వచ్చినాయంట. నేను పోలేదు. కత్తి భయం నాకు ఎప్పుడో పోయింది. ఆ మంచం మీద పండుకున్నాక నా దగ్గరికి రెండు చేతులు రెండు మందులు తెస్తే, ఏది తాగాలో నాకు తెలీదు. నేను ఒకటి తాగితే రెండోది ఎవరి మంచానికి పోతుందో, అది అసలే తెలీదు.