గీతకు అవతలి ఖాళీ

కొత్తగా లేచిన ఇటుక గోడ మీద సాయంత్రం నీళ్ళు కొడితే ఒక వాసన వస్తుంది. చాలామందికి అది ఇష్టం. నెల్లూరులో నేనుండే వీధిలో ఇప్పుడు రెండిళ్ళు కడుతున్నారు. ఆ వాసన తగిలినప్పుడల్లా నా నోట్లో మట్టి రుచి తిరుగుతుంది, సుగుణమ్మ మేడమ్ గుర్తుకొస్తారు. ఆమె గురించి డైరీలో చాలాసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ ఒకే చోట ఆగిపోయాను. ఈసారి ఆగకుండా రాయాలని కూర్చున్నాను.

ఉదయగిరి పక్కన మా ఊరు. బోరు నీళ్ళలో ఫ్లోరైడు. పిల్లల పళ్ళు గారపట్టి ఉండేవి, నలభై ఏళ్ళకే మనుషుల నడుములు వంగేవి. మా చెల్లెలు లక్ష్మికి ఐదేళ్ళప్పుడే మోకాళ్ళు లోపలికి తిరగడం మొదలైంది. కొండ కింద రెండు మైళ్ళ దూరంలో ఒక ఊటబావి ఉంది, ఆ నీళ్ళు మంచివి. అమ్మ రోజూ తెల్లవారగానే పోయి ఒక బిందె తెచ్చేది. ఆ బిందె లక్ష్మికే. మిగిలిన మేమంతా బోరు నీళ్ళే తాగేవాళ్ళం.

మేడమ్ స్టాటిస్టిక్స్ లెక్చరర్‌గా రిటైరై ఆత్మకూరులో ఉండేవారు. కాల్చిన ఇటుకను చిన్న ముక్కలుగా కొట్టి, డ్రమ్ములో నింపి, దాని గుండా నీళ్ళు వంపితే ఫ్లోరైడు తగ్గుతుందని ఆ రోజుల్లో అక్కడక్కడ ప్రయత్నాలు జరిగాయి. ఒకచోట బాగా తగ్గిందన్నారు, ఇంకోచోట కొంచెమే అన్నారు. ఆ ఫలితాలన్నీ కలిపి పనికొస్తుందో లేదో తేల్చి చెప్పమని ఒక ఆఫీసు వాళ్ళు ఆమెను అడిగారు. బి.ఎస్‌సి. పూర్తి చేసి హాస్టల్లో ఖాళీగా ఉన్న నన్ను ఆమె సాయానికి పెట్టుకున్నారు. మనుషులతో తలెత్తి మాట్లాడలేను కానీ కాగితంతో ఎంతసేపైనా కూర్చోగలను. ఆమె అది కనిపెట్టారు.

మొదటిరోజే నేను ఫలితాలన్నీ కూడి, ఎన్ని ఉన్నాయో ఆ సంఖ్యతో భాగించి చూపించాను. ఆమె నవ్వారు.

"పది ఇళ్ళు చూసినోడూ రెండొందల ఇళ్ళు చూసినోడూ నీకు ఒకటేనా మ్మే? పంచాయితీలో ఐనా అట్ట కూర్చోబెట్టరే."

గ్రాఫు కాగితం మీద నిలువుగా ఒక గీత గీశారు. ఇటుక ఏ మార్పూ చెయ్యకపోతే ఫలితం ఆ గీత మీద పడుతుంది. కుడికి పడితే మేలు, ఎడమకి పడితే కీడు. ఒక్కో అధ్యయనానికి ఒక్కో అడ్డగీత. పొట్టి గీతకు నమ్మకం ఎక్కువ, పొడుగు గీతకు అనుమానం ఎక్కువ. ఆ నమ్మకాన్ని బట్టి ఒక్కోదానికి బరువు కట్టి, అన్నీ కలిపితే అడుగున పేకముక్కల డైమన్ లాంటి గుర్తు వస్తుంది. అది అందరూ కలిసి చెప్పిన మాట. తర్వాత ఒకదానికీ ఒకదానికీ తేడా ఎంతుందో, ఆ తేడా యాదృచ్ఛికమా, ఊరు మారితే నిజంగానే ఫలితం మారుతోందా అని విడిగా లెక్కకట్టడం నేర్పారు. చిన్న క్యాలిక్యులేటర్‌తో ఒక్కో లెక్కకు ఒక పూట పట్టేది. నా జీవితంలో నేను సంతోషంగా ఉన్న నెలలు అవే.

అచ్చైన నివేదికలు చాలవని ఆమె నమ్మకం. ప్రయత్నం చేశారని తెలిసిన ప్రతివాళ్ళకూ కార్డు రాయించారు. కార్డు చివర తప్పకుండా ఒక వాక్యం ఉండేది: ఏ ఫలితమూ రాకపోతే ఆ సంగతే రాయండి. జవాబులు విప్పి చదివి, అంకెలు ఎక్కించడం నా పని.

ఒకరోజు ఆమె చర్చిలో ఉండగా ఒక కవరు వచ్చింది. మూలన నల్లరంగు పూసి ఉంది, చావు కబురు. మా ఇంట్లో అలాంటి ఉత్తరాన్ని గడప దాటించరు. బయటే నిలబడి చదివి, అక్కడే చించెయ్యాలని మా అవ్వ నేర్పింది. నేను వాకిట్లోనే నిలబడి విప్పాను. ఒక బడిపంతులు గారి భార్య రాసింది. ఆయన పోయారు. మేడమ్ అడిగినందుకు ఆయన రాసిపెట్టుకున్న అంకెలు కింద పంపుతున్నానని రెండో కాగితం జతచేసింది. పన్నెండు ఇళ్ళు, ఏడాది పొడుగునా కొలతలు. ఆరో నెల దాటాక ఫ్లోరైడు ఏమీ తగ్గకుండా పోసిన నీళ్ళు పోసినట్టే బయటికొచ్చాయని ఆఖరున ఉంది. చదివాను. చదివీ, రెండు కాగితాలూ కలిపి చించి కాలవలో వేశాను. చేతులు వాటంతట అవే చేశాయని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఆ బిందె బరువు అమ్మ నెత్తి మీంచి దిగాలని నాకుందని మాత్రం చెప్పుకోలేదు.

"పంతులు గారు చనిపోయినారంట మేడమ్," అన్నాను ఆమె వచ్చాక.

"అయ్యో," అని ఆమె కూర్చుండిపోయారు. అంకెల సంగతి అడగలేదు. ఓదార్పుగా ఒక ఉత్తరం రాసి నన్నే పోస్టులో వెయ్యమన్నారు.

రెండు వారాల తర్వాత డైమన్ కుడివైపు పడింది. ఆమె తృప్తిపడలేదు. ఇంకో కాగితం మీద పెద్ద అధ్యయనాలను పైన, చిన్నవాటిని కింద చుక్కలుగా పెట్టారు. చిన్నవి ఎప్పుడూ అటూ ఇటూ చెదిరి ఉండాలి. ఇక్కడ అన్నీ కుడిపక్కే గుంపు కట్టాయి. ఎడమ పక్క తెల్లగా ఉంది.

"ఈడ ఉండాల్సినోళ్ళు ఏమైనారు మ్మే?" అన్నారు వేలు ఆ ఖాళీ మీద పెట్టి. "పోట్లాట లేని ఇల్లు ఉండాదంటే నేను నమ్మను."

నాకు తెలుసు. తల వంచుకుని పెన్సిలు చెక్కాను.

అనుమానం ఉందని ఆమె నివేదికలో రాశారు. ఆఫీసు వాళ్ళకు మొదటి పేజీలోని డైమన్ చాలింది. మా ఊరితో సహా చాలా ఊళ్ళకు ఇటుక డ్రమ్ములొచ్చాయి. నేనే ఇంటికెళ్ళి చెప్పాను, "ఇంక అంత దూరం పోబాకమ్మా. లెక్క కట్టింది నేనే." అమ్మ నన్ను చూసి గర్వపడింది. బిందె బోర్లించింది.

రెండేళ్ళు లక్ష్మి ఆ నీళ్ళు తాగింది. పై చదువుల మధ్య ఒక సెలవులో ఇంటికి పోతే, గోడ పట్టుకుని లేస్తోంది. మర్నాడే ఆత్మకూరు బస్సెక్కి మేడమ్‌కు అంతా చెప్పాను. ఆమె పెన్నుకు మూత పెట్టారు.

"చించింది నువ్వొక్కదానివే కాదు. ఫలితం రానోళ్ళంతా ఎవరింట్లో వాళ్ళు చించుకున్నారు," అన్నారు. "ఒక్క చుక్కతో లెక్క తారుమారు కాదేమో కూడా. కానీ అందరూ రెండు మూడు నెలలు చూసి వదిలేసినారు. ఏడాది చూసింది ఆయనొక్కడే మ్మే."

క్షమించాననలేదు. నేనూ అడగలేదు. అదే రోజు ఇద్దరం కూర్చుని పంతులు గారి భార్యకు మళ్ళీ రాశాం. పాత కాగితాలన్నీ సామాన్లతో పాటు అమ్మేశామని జవాబొచ్చింది. ఆఫీసుకు రాసిన ఉత్తరాలకు అదీ లేదు. మా అమ్మ మళ్ళీ ఊటబావికి నడవడం మొదలుపెట్టింది. మిగతా ఇళ్ళల్లో ఎవరూ నా మాట వినలేదు. మంచిదని చెప్పిందీ నువ్వే కదా అన్నారు. ఆ తర్వాతి వానాకాలంలో మేడమ్ పోయారు. చివరి వారం దాకా ఆమె ఆఫీసుకు రాస్తూనే ఉన్నారని వాళ్ళ తమ్ముడు చెప్పారు.

ఇప్పుడు నేనూ ఆ పనే చేస్తున్నాను, ఎక్కడెక్కడి మందుల ఫలితాలో కలుపుతాను. అందరూ మేలే జరిగిందంటుంటే నాకు నిద్ర పట్టదు. జవాబు రానివాళ్ళకు రెండోసారి, మూడోసారి రాస్తాను. దీన్ని జాగ్రత్త అంటారు నాతో పనిచేసేవాళ్ళు.

పోయిన నెల ఇంటికి వెళ్ళాను. లక్ష్మి కింద కూర్చోలేదు, స్టూలు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే అడిగింది.

"అక్కా, ఆ రెండేళ్ళూ ఊటబావి నీళ్ళే తాగుంటే నా కాళ్ళు బాగుండేవా?"

"తెలీదు లక్ష్మీ."

"ఇంత చదివినావు. ఏదో ఒకటి చెప్పకూడదా?"

వందల ఇళ్ళ సంగతి అయితే ఎంత మేలో, ఎంత అనుమానమో గీత గీసి చూపించగలను. ఆ డ్రమ్ము నీళ్ళు తాగని ఇంకో లక్ష్మి నాకు లేదు, పక్కన నిలబెట్టి చూడటానికి. పక్కన కూర్చుని నేనూ బియ్యం ఏరాను.