పద్దెనిమిదికి తగ్గకూడని సంఘం

1961 జూన్‌లో నన్ను అల్లూరు డ్రైనేజీ సబ్ డివిజనుకు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. వరిపొలాల మురుగునీటిని సముద్రంలోకి దింపే కాలువలు పూడిపోకుండా చూడడం నా పని. ఆ రోజుల్లో సబ్ డివిజనుకు అసిస్టెంట్ ఇంజనీరే అధిపతి. అతని పైన నెల్లూరులో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు శేషగిరిరావు గారి దగ్గరికి వెళ్ళి ఉద్యోగంలో చేరానని చెప్పినప్పుడు, ఆయన కాలువల గురించి రెండు ముక్కలు మాట్లాడి, గోల్ఫు వచ్చా అని అడిగారు. చూడనైనా చూడలేదన్నాను. "అయితే మాకు కావలసినవాడివే" అన్నారు. ఆ విధంగా నేను నెల్లూరు తీర అధిక హ్యాండికాప్ గోల్ఫర్ల సంఘంలో సభ్యుణ్ణీ, హ్యాండికాప్ కార్యదర్శినీ అయ్యాను. మొదటిది ఆట రానందుకు, రెండోది లెక్కలు వచ్చినందుకు.

ఆట తెలియని వారి కోసం ఒక మాట. హ్యాండికాప్ అంటే ఆటగాడి చేతకానితనానికి ఇచ్చే రాయితీ. ఫలానా మైదానాన్ని నిపుణుడు డెబ్బై దెబ్బల్లో ముగిస్తాడని నిర్ణయించారనుకోండి. నేను తొంభై నాలుగు కొడితే నా హ్యాండికాప్ ఇరవై నాలుగు. సంఖ్య ఎంత పెద్దదైతే ఆట అంత నాసిరకం. నిపుణుడి లెక్కను ముఖ్యంగా మైదానం పొడవును బట్టి కడతారు. ఈ సంగతి గుర్తుంచుకుంటే మిగతా కథంతా సులువుగా తెలుస్తుంది.

మా సంఘం అవమానంలో పుట్టింది. నేను రావడానికి కొన్నేళ్ళ ముందు శేషగిరిరావు గారు, మరికొందరు పట్నంలో ఒక పోటీకి వెళ్ళారట. అక్కడివారు వీళ్ళ హ్యాండికాప్‌లు చూసి, అందరూ ఆడాక ఆడుదురుగాని అని మర్యాదగా కూర్చోబెట్టారు. వీళ్ళ వంతు వచ్చేసరికి బంతి కనపడనంత చీకటి పడింది. తిరుగు రైల్లోనే సంఘం పెట్టేశారు. అల్లూరుకు తూర్పున సరుగుడు తోపులకూ సముద్రానికీ మధ్య ఉన్న ఇసుక బీడులో తొమ్మిది గుంటలు తవ్వి, వాటినే రెండుసార్లు చుట్టి పద్దెనిమిది అనుకునేవారు. గుంట చుట్టూ పచ్చిక ఉండాల్సిన చోట వాడేసిన ఇంజను నూనె కలిపిన ఇసుకను చదును చేసేవారు. బెస్తవాళ్ళు అక్కడే వలలు ఆరవేసుకునేవారు గనక, వలలో పడిన బంతిని శిక్ష లేకుండా తీసుకోవచ్చని మాకొక సొంత నిబంధన ఉండేది. చుట్టుపక్కల వాళ్ళు దీన్ని దొరల బిళ్ళంగోడు అనేవారు. ఒక ముసలి బెస్త నన్నే అడిగాడు, "ఆ బొక్కలో ఏముండాదని సామీ, ఒకరి తర్వాత ఒకరు తొంగి చూస్తారు?" సమాధానం నాకిప్పటికీ తెలియదు.

సంఘానికి ప్రాణం లాంటి నియమం ఒకటే. హ్యాండికాప్ పద్దెనిమిది కన్నా తగ్గినవాడు వెళ్ళిపోవాలి. బాగా ఆడేవాళ్ళకు పట్నంలో చోటుంది, మనకే లేదు అన్నది వాదన. అలా వెళ్ళేవాడికి అప్పగింతలు చేసేవారు. తోటపల్లి గూడూరు రైసుమిల్లు యజమాని ఒకాయన పదిహేడుకు దిగినప్పుడు తువ్వాలులో ఒడిబియ్యం కట్టి, చేతులు పాలలో ముంచి, అత్తవారి తరఫున ఎవరూ లేరు గనక ఆయన కారు డ్రైవరు చేతిలో పెట్టారట. వేళాకోళానికి మొదలుపెట్టిన తంతే గాని, ఆయన నిజంగానే ఏడ్చాడని చెప్పుకునేవారు. వెళ్ళినవాడు టీ తాగడానికి రావచ్చు, కర్ర మాత్రం పట్టకూడదు.

నా హయాంలో ఆ గండం డాక్టర్ పెంచలయ్య గారికి వచ్చింది.

ఆయనకు అల్లూరులో చిన్న ఆసుపత్రి. దొంగ జబ్బుకు సర్టిఫికెట్ ఇవ్వడని జిల్లా అంతా పేరు; శేషగిరిరావు గారికి కూడా ఒకసారి ఇవ్వనన్నారట. నేను రావడానికి ముందు ఏడాది వానాకాలంలో ఆయన భార్య పోయారు. పిల్లలు లేరు. అప్పటి నుంచి సాయంత్రం రోగులు వెళ్ళిపోగానే ఒక్కరే మైదానానికి వచ్చి చీకటి పడేదాకా కొట్టేవారు. ఆదివారం మాత్రం మా అందరితో ఆడి, ఇడ్లీలు తిని, ఎవరి ఆటనైనా ఎగతాళి చేసి వెళ్ళేవారు. ఎవరైనా ఇసుకను తిట్టుకుంటే, "ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టుండాది" అనేవారు. ఆయనకు వారమంతా మిగిలింది ఆ ఆదివారమే. అది అందరికీ తెలుసు.

నేను చేరిన మరుసటి ఏడు మార్చిలో ఆయన స్కోరు కార్డులు లెక్కగట్టాను. ఏళ్ళ తరబడి పంతొమ్మిది దగ్గర నిలిచిన హ్యాండికాప్ పదిహేడు అయింది. మళ్ళీ మళ్ళీ కట్టినా అదే. వెళ్ళి చెప్పాను. ఆయన రోగి ఛాతీ మీద నుంచి స్టెతస్కోపు తీయకుండానే, "వచ్చిందే వెయ్యి అబ్బయ్యా" అన్నారు.

శేషగిరిరావు గారు ఆయన్ను పక్కకు పిలిచి, వచ్చే ఆదివారం గుంట దగ్గరి బంతులు నాలుగు కావాలని తప్పించండి, అంతా సర్దుకుంటుంది అని నచ్చజెప్పబోయారు. డాక్టరు గారికి కోపమొచ్చింది. "జ్వరం లేనోడికి జ్వరమని రాసినానా ఎప్పుడన్నా? ఇప్పుడు నాకు నేనే రాసుకోమంటారా?" అన్నారు. ఇక అప్పగింతలకు రోజు పెట్టక తప్పలేదు. ఒడిబియ్యం ఎవరు తేవాలన్న మాట దగ్గర అందరం నేల చూశాం. ఆయన మాత్రం శిక్ష పడాల్సిందే అన్నట్టు ఊరుకున్నారు. అది నాకు అర్థం కాలేదు.

సభ్యుణ్ణి పంపే ముందు కార్యదర్శి మైదానం పొడవు సరిచూడాలని నిబంధనల్లో ఉంది. అంతవరకూ ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. నేను ఇంజనీర్ని, కొలవమంటే కొలుస్తాను. కొలతల గొలుసు తెప్పించి, ఇద్దరు మనుషులతో ఒక ఉదయం దిగాను. బంతి మొదలుపెట్టే చోటి నుంచి కొలిస్తే ఏడు గుంటలకు లెక్క అడుగు తేడా లేకుండా సరిపోయింది. సముద్రం వైపు ఉన్న మిగతా రెండూ కురచగా వచ్చాయి. కాస్తో కూస్తో కాదు, మూడో వంతు. పన్నెండు గొలుసులు ఉండాల్సిన గుంటకు ఎనిమిది కూడా రాలేదు.

ఆరా తీస్తే సంగతి తెలిసింది. అక్కడ మొదట తవ్విన రెండు గుంటలను నేను రావడానికి ముందు ఏడాది తుఫానులో సముద్రం తినేసింది. అప్పుడు శేషగిరిరావు గారు మా సభ్యుడే అయిన తహసీల్దారు గారిని, పాతవి ఎన్ని గొలుసులో అన్ని గొలుసుల దూరంలో కొత్తవి పెట్టించమన్నారు. ఆయన తన సర్వేయరును పంపి అక్షరాలా అలాగే పెట్టించారు. తప్పు అక్కడే పుట్టింది. మా ఇంజనీర్ల గొలుసు వంద అడుగులు. రెవెన్యూ వాళ్ళ గొలుసు అరవై ఆరు. రెండింటికీ లింకులు వందే, రెండింటి పేరూ గొలుసే. చెప్పినవాడు ఒక గొలుసు చెప్పాడు, విన్నవాడు ఇంకో గొలుసు విన్నాడు. ఆ బీడులో కంటితో పోల్చుకోవడానికి చెట్టూ లేదు, గోడా లేదు. ఆ రెండు గుంటల దగ్గర అందరం మొనగాళ్ళం అయిపోతే, సముద్రపు గాలి కలిసొచ్చిందనుకున్నాం.

తహసీల్దారు గారికి చెబితే ఆయన తగ్గలేదు. "ఈ దేశంలో భూమంతా మా గొలుసుతోనే గదయ్యా కొలిచింది! మీదేం గొలుసు?" అన్నారు. ఆ మాటా నిజమే. పొడవు తగ్గించి మళ్ళీ లెక్కకడితే, నిపుణుడి డెబ్బై అరవై ఎనిమిదికి దిగింది. దాంతో అందరి హ్యాండికాప్‌లూ రెండేసి పెరిగాయి. ఏడాదిగా బాగుపడ్డామని మురిసిపోయిన వాళ్ళందరం ఉన్న చోటే ఉన్నామని తేలింది. డాక్టరు గారు మళ్ళీ పంతొమ్మిది.

ఆయన నమ్మలేదు. నా ముఖంలోకి చూసి, "నన్ను ఉంచాలని కొలిచినావా, కొలిచినాక ఉంచుతుండావా? నిజం చెప్పు" అన్నారు. మీరే వచ్చి చూడండన్నాను. ఆ సాయంత్రం ధోవతి పైకి దోపుకుని వచ్చారు. గొలుసు ఒక కొన తనే పట్టుకుని, లింకులు వేళ్ళతో తడిమి చూస్తూ, ఇసుకలో రెండు గుంటల పొడవునా నడిచారు. నేను రెండో కొన పట్టుకున్నాను. రెండో గుంట దగ్గర గొలుసు వదిలేసి అక్కడే ఇసుకలో కూర్చున్నారు.

"అయితే నేను బాగుపడలా?" అన్నారు.

లేదండీ, ఒక్క దెబ్బ కూడా అన్నాను.

ఆయన సముద్రం వైపు తిరిగారు. "ఆమె ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఉండమని పోరేది. ఆదివారం ఒక్కరోజే వచ్చేవాణ్ణి. ఆమె పోయినాక రోజూ వస్తి, ఆట వచ్చె. ఆమె పోవడం నాకు కలిసొచ్చినట్టు అనిపించినాది అబ్బయ్యా. కర్ర పట్టుకుంటే సిగ్గేసేది. పొమ్మంటే పోదాం, అదే మంచిది అనుకుంటి." కళ్ళు తుడుచుకుని నవ్వారు. "రోజూ వచ్చినా ఏమీ రాలేదన్న మాట. మంచిది. చాలా మంచిది."

నేను గొలుసు చుట్టుకున్నాను. నేను అల్లూరు నుంచి బదిలీ అయ్యే నాటికీ ఆయన సంఘంలోనే ఉన్నారు, పంతొమ్మిదికీ ఇరవైకీ మధ్య.

ఆ తరువాత ఎన్నో డివిజన్లలో పనిచేశాను. ఫలానా కాలువలో నీటి పారుదల బాగుపడిందని కింది నుంచి కాగితం వస్తే సంతోషించే ముందు ఏ కొలబద్దతో కొలిచారని అడిగేవాణ్ణి. క్షీణించిందని వచ్చినా అదే అడిగేవాణ్ణి. మనిషి తన గురించి తాను కట్టుకున్న లెక్కకు కూడా ఆ ప్రశ్న వర్తిస్తుందని నాకు తెలిసింది మాత్రం అల్లూరు ఇసుకలోనే.