నవ్వులక్క

ఆవిడకి చెవులు దాదాపు వినపడవు. ఇంటి నుంచి పనిచేసినన్నాళ్లూ మీటింగులో ఎవరేమన్నా స్క్రీన్ కింద అక్షరాలుగా కనపడేది. చదువుకుని టకటకా జవాబు టైపు చేసేది. అందరూ ఆఫీసుకి రావాల్సిందేనన్నాక ఆ ఆసరా పోయింది. పొడుగాటి బల్ల చివర కూర్చుని, పక్కవాళ్లు తలూపితే తనూ ఊపేది, నవ్వితే తనూ నవ్వేది. నవ్వులక్క అని పేరు పడింది.

ఒక సోమవారం మేనేజరు లేచి ఏదో చెప్పాడు. ఎదుటి మనిషి పెదాలు సాగడం చూసి, నవ్వే అనుకుని ఆవిడ పకపకా నవ్వింది. తలలన్నీ ఇటు తిరిగాయి. పక్కనున్న అమ్మాయి గబగబా కాగితం మీద రాసి జరిపింది: "మన పెద్దసారు పోయారక్కా!" ఇంటర్వ్యూలో ప్రశ్నలన్నీ ఓపిగ్గా రాసి చూపించి, తనకి ఈ ఉద్యోగమిచ్చిన మనిషి. "నాకు వినపడలేదమ్మా" అంది, గొంతు ఎంత పెరిగిందో తెలియక. ఇన్నేళ్లలో ఆ మాట ఆఫీసులో పైకి అనడం ఆవిడకి అదే మొదటిసారి.