జత కందిళ్ళు

మా బావ తన పొలం గురించి ఎక్కువ మాట్లాడేవాడు కాదు గానీ, మిర్యాలగూడలో కొన్న కందిలి లాంతర్ల గురించి మొదలుపెడితే ఆపడం కష్టం. ఒకే దుకాణంలో, ఒకే పెట్టెలోంచి తీసిన జత. ఒకటి తనింటికి, ఒకటి మాకు.

పోలీసు యాక్షన్ ఇంకా రాని రోజులవి. సూర్యాపేట చుట్టుపక్కల ఊళ్ళ మీద దండ్లు పడి, వడ్లు ఎత్తుకుపోయి, ఇళ్ళు కాలుస్తున్నాయి. కలిగినవాళ్ళు కోదాడ దాటి పోయారు. మేము పోలేదు. ధైర్యం ఉండి కాదు, మా ఎడ్లు అంత దూరం నడవవు.

మెట్ట చెలకల అవతల అక్క వాళ్ళ ఊరు. దీపాలవేళ అక్క వాళ్ళ మిద్దె మీద, అమ్మ మా మిద్దె మీద, ఒత్తి నిండా ఎత్తి కందిలి పెట్టాలన్నది కట్టుబాటు. వెలుగు కనబడితే క్షేమం. అక్కకు ఏడో నెల. పురుటికి తీసుకురావడానికి మర్నాడు తెల్లవారగానే నాయిన బండి కట్టాలి.

ఆ సాయంత్రం అక్క కందిలి కనబడింది. కానీ మసకగా.

"దీపం సన్నగైందేందిరా?" అంది అమ్మ.

"బావ పీనాసితనం. గ్యాసునూనె మిగులుస్తున్నడు."

అమ్మ నవ్వలేదు. నేనూ మళ్ళీ చూశాను. సూర్యాపేట గ్రంథాలయంలో అట్ట చిరిగిన ఒక పత్రికలో, చుక్కల దూరం ఎట్లా కొలుస్తారో అప్పటికే చదివి ఉన్నాను. గొలుసు పట్టుకుని ఎవరూ అక్కడికి పోరు. ఫలానా జాతి చుక్కల అసలు కాంతి ఎంతో ముందు తెలుసుకుంటారు. అవి ఎంత మసకగా కనబడితే అంత దూరం. దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతు. మధ్యలో దుమ్ముంటే లెక్క తప్పుతుంది.

నిన్నటి వానకు దుమ్ము అణిగింది. నూనె అయిపోతుంటే మంట ఎర్రబడి కొట్టుకోవాలి, ఇది నిలకడగా ఉంది. ఎప్పటిలాగే అక్క వాళ్ళింటి తాటిచెట్టు పక్కనే. కందిలి అదే, వరుస అదే, వెలుగు మాత్రం నా కంటికి నాలుగో వంతు. అదే వరుసలో వాళ్ళ ఊరు దాటి అంతే దూరం పోతే చిన్న గుట్ట.

"నాయినా, అక్క ఇంట్ల లేదు. గుట్ట మీదున్నది. రేపు ఊళ్ళెకు పోకు, సుట్టు తిరిగి గుట్టకు పో."

"సుక్కల లెక్కతోని బండి తోల్తరారా ఎవలన్న?"

"తోలరు. సుక్కలకు ఎడ్లు లెవ్వు గద."

"నీ పరాచికాలకో దండం," అన్నాడు నాయిన. చూస్తుండగానే దూరాన వెలుగు ఆరిపోయింది. పొద్దున బండి గుట్ట దారే పట్టింది.

మధ్యాహ్నానికి బండి తిరిగొచ్చింది. వాచిన కాళ్ళతో అక్క, ఒళ్ళో కందిలి, వెనక బావ. దండు వస్తోందని కబురొచ్చి ఊరంతా గుట్టెక్కిందట. అమ్మ బెదురుతుందని అక్క అక్కడే కందిలి పెడితే, జనం తిట్టి ఆర్పించారట.

నా పీనాసి మాటను అమ్మ వెంటనే బావకు చేరవేసింది. బావ పట్టించుకోలేదు. "బర్రెలు కొట్టంల్నే ఉన్నయి. దండు రానే రాలే. పొద్దుగూకి జర మబ్బు పడంగనే పోయి తోలుకొస్త."

"నువ్వు పోతే నేను గూడ వస్త," అంది అక్క. బావ తలకు తువ్వాలు చుట్టుకుని గడపలో నిలబడ్డాడు.

దీపాలవేళ అమ్మ అలవాటుగా మా కందిలి తీసుకుని మిద్దెక్కింది. అక్క కందిలి మా అరుగు మీదే ఉంది.

"బిడ్డా, మీ మిద్దె మీద దీపమున్నదే!" అంది పైనుంచి.

అందరం ఎక్కాం. తాటిచెట్టు పక్కనే, అదే చోట, ఎప్పుడూ లేనంత పెద్ద వెలుగు. నా లెక్క ప్రకారం అక్క ఇల్లు మాకు బాగా దగ్గరికి వచ్చేసినట్టు. అసలు కాంతి తెలియని దీపానికి ఆ లెక్క పనికిరాదని పత్రికలోనే రాశారు. కాసేపటికి తాటిచెట్టు కూడా ఎర్రగా కనబడింది.

అక్క బావ చెయ్యి పట్టుకుంది. బావ మెల్లగా తువ్వాలు విప్పాడు.

"ఏం బామ్మర్ది, ఇయ్యాళ గూడ నన్ను పీనాసోడంటవా?"

అమ్మ ఏం చేయాలో తోచక మా కందిలి వెలిగించింది. నాయిన ఊది ఆర్పేశాడు.

"వద్దు. గాళ్ళకు గూడ కండ్లుంటయి."